డాడ్జి కారు పళ్లచక్రం

"దీని గేరు పళ్లచక్రం కోసం మద్రాసంతా గాలించినాను కాటమరాజూ. అమెరికా సామాను రావడం ఆగిపోయిందంట. నీ దగ్గరుందని విన్నా," అన్నాడు వెంకటసుబ్బయ్య. రెండేళ్లుగా కదలని అతని డాడ్జి కారును ఎద్దులు లాక్కొచ్చి మార్కాపురంలో కాటమరాజు కార్లు బాగుచేసే షెడ్డులో వదిలాయి.

కాటమరాజు గూట్లోంచి చక్రం తీశాడు.

"ఉంది. ఇయ్యను. ఆరేళ్ల కిందట తర్లుపాడు దోవలో గొర్రెలు తోలుకొస్తాన్న మా నాయన మీదికి ఈ కారే ఎక్కించి, ఆపకుండా పోయినావు. చూసినోళ్ల నోళ్లు మూయించినావు. నీ కారు ఇట్లనే తుప్పు పట్టాల."

చక్రం పగలగొట్టడానికి సుత్తి ఎత్తాడు. అన్నం తెచ్చిన తల్లి రమణమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"బిగించురా."

"అమ్మా! మర్చిపోయినావా?"

"మర్చిపోయింది జనం. ఇది మూలన పడుంటే ఆయన ఊసెత్తేదెవరు? తిరగనీ. త్రిపురాంతకం పోయినా, అర్ధవీడు పోయినా, మీ నాయన్ను చంపిన కారు ఇదేనని అందరూ చూడాల. ఊరూరికీ నడిచిపోయి నేను చెప్తా."

ముసలిదాని మాటలేనని వెంకటసుబ్బయ్య నవ్వుకున్నాడు. పొద్దు వాలేదాకా బెంచీ మీద కూర్చున్నాడు. కాటమరాజు చక్రం బిగించి, కారు స్టార్ట్ చేసి, తలుపు తెరిచాడు.

"ఎక్కండయ్యా. బాగా నడుస్తాది."

షెడ్డు ముందు అప్పటికే పదిమంది మూగారు. రమణమ్మ వాళ్లకు కారును చూపిస్తూ చెబుతోంది. ఒక్కరూ కదలడం లేదు.

వెంకటసుబ్బయ్య తలుపు దాకా వచ్చి ఆగాడు. కండువా తలమీదికి లాక్కుని, బస్సు కోసం నడిచాడు.