పేర్లు చెప్పుకునే రోజు

"గంట తాతగారూ, ఆ పరుపు ఒక్కరే మోయకండి. నడుము పట్టేస్తే మళ్ళీ నేనే తైలం రాయాలి."

"ఇంకెక్కడ రాస్తావు? బస్సొచ్చాక నీ దారి నీది, నా దారి నాది."

పిచ్చుక వినిపించుకోలేదు. పరుపు రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ దాన్ని మూలకి చేర్చి గోడకి నిలబెట్టారు. పిల్లలు పొద్దున్నే వెళ్ళిపోయారు. చర్చి వాళ్ళ వేసవి క్యాంపులో మిగిలింది పిల్లల్ని చూసుకునే కౌన్సిలర్లు, ఊడ్వాల్సిన గదులు, వెయ్యాల్సిన తాళాలు.

ఆ క్యాంపులో అసలు పేర్లు వాడరు. ఇంటిపేరు చూసి మనిషిని తూచే అలవాటు అక్కడైనా పోవాలని పాస్టరుగారు పెట్టిన నియమం. మొదటి రోజే ప్రతి కౌన్సిలరూ ఒక ముద్దుపేరు రాసిన బ్యాడ్జీ తగిలించుకోవాలి. ఆఖరి రోజు దాన్ని తీసి బుట్టలో వేసి, ఒకరికొకరు చెయ్యి కలిపి, అసలు పేరు చెప్పుకుని విడిపోవాలి. తెల్లారకముందే గంట కొట్టి అందరి నిద్రా చెడగొట్టేవాడు కనక పెద్దాయన గంట అయ్యాడు. నోటికి విరామం లేదు కనక ఆ అమ్మాయి పిచ్చుక అయింది.

పిచ్చుకకి నర్సింగు కాలేజీలో సీటొచ్చింది. అది పెద్దాయన ఇంటికి నాలుగడుగుల దూరం. సీటు సంగతి ఆమె కబుర్లలో చెప్పినప్పటి నుంచీ ఆయన ఒక మాట నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇంకో వేసవి దాకా ఆ ఇంట్లో మళ్ళీ ఒంటరిగా ఉండడం ఆయనకి ఇష్టం లేదు. ఇవాళ అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేడు.

"మేడ మీద గది ఖాళీగా ఉంది," అన్నాడు గోడకేసి చూస్తూ. "హాస్టల్ తిండి తిని ఏం చదువుతావు? మా ఇంట్లో ఉండు. అద్దె అక్కర్లేదు."

పిచ్చుక పరుపు మీది దుమ్ము అరచేత్తో దులిపింది.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారు?" అంది.

"గోడలు."

"పిల్లలు లేరా?"

"ఒక కూతురుండేది."

"ఉండేదంటే?"

"బతికే ఉంది. నాకే లేదు." ఆయన దుప్పటి దులిపి మడత పెట్టాడు. "చెప్పకుండా పెళ్ళి చేసుకుంది. ఆ దిగులుతో దాని తల్లి మంచం పట్టి పోయింది. తల్లి ముఖం ఆఖరిసారి చూస్తానని అది వచ్చి గేటు పట్టుకుని ఏడ్చింది. నేను తాళం తియ్యలేదు."

"ఇప్పుడొస్తే?"

"ఇల్లు కూలినా సరే, దాని కాలు నా గడప మీద పడనివ్వను."

పిచ్చుక రెండో దుప్పటి అందుకుంది. కొసలు కలపడం కుదరక రెండుసార్లు విప్పి మడిచింది.

ఆయన కటువైన మనిషని క్యాంపులో అందరికీ తెలుసు. క్షమించడం గురించి పాఠం చెప్పాల్సిన రోజు గొంతు బాగాలేదని తప్పించుకునేవాడు. ఆ పాఠం పిచ్చుకే చెప్పేది. ఆయన చొక్కాలకి గుండీలు కుట్టేదీ, మాత్రలు వేళకి మింగించేదీ ఆమే. "ముసలాయన ఆస్తి రాయించుకుంటావా ఏంటి?" అని పాటలు నేర్పే డ్రమ్ము ఏడిపించేవాడు. "రాస్తే కాదంటానా?" అనేది.

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. పాస్టరుగారు బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నారు. డ్రమ్మూ, పిల్లల దెబ్బలకి కట్లు కట్టే నర్సమ్మా పెట్టెలు దించుకుని మెట్ల మీద కూర్చున్నారు.

"తాతగారూ," అంది పిచ్చుక. "రావాలనే ఉంది. మా అమ్మతోనే చిక్కు. నన్ను వదిలి ఉండలేదు. మాటిమాటికీ వస్తుంది."

"రానీ."

"వచ్చిందంటే తొందరగా కదలదు. వంటింట్లో దూరి గిన్నెలన్నీ సర్దేస్తుంది."

"సర్దనీ. అక్కడ ఆడమనిషి చెయ్యి పడక ఎన్నేళ్ళయిందో."

"ఇప్పుడు ఇలాగే అంటారు. తీరా ఆవిడొచ్చాక ముఖం మాడ్చుకుంటే?"

ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. "నాది పూటకో మాటా? ఇదిగో, పాస్టరుగారే సాక్షి. మీ అమ్మ ఎప్పుడొచ్చినా నా తలుపు తీసే ఉంటుంది. ఉన్నన్నాళ్ళు ఉండొచ్చు. సరేనా?"

"విన్నాను," అన్నారు పాస్టరుగారు.

"మేమూ విన్నాం," అంది నర్సమ్మ.

"మా అమ్మని కూడా పంపించనా?" అన్నాడు డ్రమ్ము.

"ఆవిడ నిన్ను భరిస్తోంది చాలు. నన్ను కూడానా?" అన్నాడు పెద్దాయన.

అందరూ నవ్వారు. పిచ్చుక నవ్వలేదు.

బ్యాడ్జీలు బుట్టలో పడ్డాయి. నర్సమ్మ చెయ్యి కలిపి పేరు చెప్పింది. ముఖానికి తగిన పేరే అన్నాడు ఆయన. తర్వాత డ్రమ్ము వచ్చాడు. తలుపుకి అడ్డం పడేంత మనిషికి ఎవరో మల్లెపువ్వుకి పెట్టాల్సిన పేరు పెట్టారు.

"ఈ ఒంటికి ఆ పేరేంటయ్యా?"

"పుట్టినప్పుడు సన్నగానే ఉన్నానండీ," అని నవ్వబోయి ఆయన్ని వాటేసుకున్నాడు. వదిలేసరికి కళ్ళు ఎర్రబడ్డాయి. "చలికాలంలో జాగ్రత్త, గంటగారూ."

"నువ్వు గొంతు తగ్గించుకో. పక్కింటి వాళ్ళు బతకాలి."

రోడ్డు మలుపులో బస్సు హారను వినబడింది. ఆఖరున పిచ్చుక వచ్చింది. బ్యాడ్జీ పిన్ను ఎంతకీ ఊడిరాలేదు. ఆయనే విప్పి బుట్టలో వేశాడు. ఆయన తన పేరు చెప్పాడు. ఆమె తెలుసన్నట్టు తలాడించింది. ఆయన చాచిన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"చెప్పమ్మా, బస్సు పోతుంది. మరీ అంత చెప్పుకోకూడని పేరా?"

"మంచి పేరే. నేను పుట్టేముందే మా అమ్మమ్మ పోయింది. ఆవిడ పేరే పెట్టుకుంది మా అమ్మ," అని ఆ పేరు చెప్పింది.

అది ఆయన భార్య పేరు.