కాసేపు బయట కూర్చోండమ్మా

"మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అంది డాక్టరమ్మ.

ఎలీసమ్మ కుర్చీలోంచి లేవలేదు. "నేను దాని తల్లినండీ. నా ముందు చెప్పలేనిది దానికేముంటదండీ?"

"ఈ వయసు పిల్లలందరితో ఒంటరిగా మాట్లాడతాను. తను ఒప్పుకుంటే తప్ప ఏం చెప్పిందో మీకు కూడా చెప్పను."

పదిహేనేళ్ళ మహిమ చున్నీ కొస నలుపుతూ కూర్చుంది. తల్లి వైపు చూడలేదు. ఆ చూడకపోవడమే ఎలీసమ్మ గుండెల్లో రాయి పడేసింది.

బయట బల్ల మీద కూలబడి, సంచీ కుడి చేతికి మార్చుకుంది. ఎడమ చెయ్యి కదిలిస్తే చంక కింద మంట. మిరప కోతలకు పోయే ఆడదానికి ఒంట్లో ఎక్కడో ఒక చోట మంట లేకుండా ఉంటుందా? ఇప్పుడు మండుతున్నది ఒళ్ళు కాదు, కడుపు.

పది రోజుల కిందట మొదలైంది ఇదంతా. కోత నుంచి వచ్చి, మంటగా ఉందని తన ఒంటికి ఆముదం రాయమంది మహిమను. రాస్తూ రాస్తూ పిల్ల చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని దొడ్లోకి పరిగెత్తింది. చిన్నప్పటి నుంచి రాస్తున్న ఆముదమే, కొత్తగా వాసన పడకపోవడమేమిటి? ఆ రోజు నుంచి అన్నం సయించదు. అడిగితే కడుపునొప్పంటుంది. ఊళ్ళో కోటేష్ డాక్టరు దగ్గరికి రమ్మంటే రాదు. "వినుకొండలో ఆడ డాక్టరు దగ్గరికే పోదాం. నాన్నొద్దు, నువ్వే రావాలి" అని మొండికేసింది.

ఇంకేం చెప్పాలి? ముగ్గుర్ని కన్న ఎలీసమ్మకు ఆ మాత్రం తెలియదా! ఆ మాట మనసులో అనుకోవడానికి కూడా భయపడింది పాపం.

ఫోన్ మోగింది. మొగుడు క్రీస్తుదాసు.

"ఏమన్నారే?"

"ఇంకా లోపలే ఉంది. నన్ను బయటికి పొమ్మన్నారు."

"దాన్ని కొట్టమాకే" అన్నాడు. "ఏదైనా కానీ, ఇంటికి తీసుకురా."

అంటే ఆయనకూ అదే అనుమానం. ఇక కూర్చోలేకపోయింది. వెళ్ళి తలుపుకు చెవి ఆనించింది. లోపల పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. "ఎవరికీ చెప్పలేదు మేడమ్... భయమేసింది..."

"అక్కడ నిలబడకూడదమ్మా" అంటూ నర్సు షహనాజ్ భుజం పట్టి వెనక్కి తీసుకొచ్చింది.

"నీకు పిల్లలున్నారామ్మా?"

"ఉన్నారు."

"మరి నువ్వైతే కూర్చుంటావా?"

షహనాజ్ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. చర్చిలో అయ్యగారు ఏమంటారు, చేలో కూలీలు ఏమనుకుంటారు అన్న ఆలోచనలన్నీ ఎక్కడికో పోయాయి. పిల్ల బతికి బట్ట కడితే చాలు. ఎలీసమ్మ కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. 'ప్రభువా, దానికొచ్చింది ఏదైనా సరే, నాకియ్యి. దానికొద్దు.'

తలుపు తెరుచుకుంది. కళ్ళు ఎర్రబడ్డ మహిమ వచ్చి తల్లి కుడి భుజం మీద తల ఆనించింది.

"నువ్వు లోపలికెళ్ళమ్మా. నేనిక్కడ కూర్చుంటా."

ఎలీసమ్మ లోపలికెళ్ళి, డాక్టరమ్మ చేతులు పట్టుకుంది. "ఎన్నో నెలండీ?"

"అయ్యో, అదేం లేదమ్మా. మీ అమ్మాయికి ఏ జబ్బూ లేదు. కడుపునొప్పి కూడా లేదు."

ఎలీసమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. వెంటనే కోపమూ ముంచుకొచ్చింది. "మరి ఇంత అబద్ధం ఎందుకాడిందండీ?"

"మీకు చెప్పడానికి తను ఒప్పుకున్నది ఒక్క సంగతే."

డాక్టరమ్మ తలుపు గడియ పెట్టి, పరదా లాగి, చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది.

"చంక కింద ఆ గడ్డ ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"