గూకని పొద్దు

"ఈ పొద్దు ఇంకెప్పుడు గూకుతది భీమ్లా?" జానీమియా పక్క సీటతన్ని మూడోసారి అడిగాడు.

భీమ్లాది మానుకోట దగ్గరి తండా. జిద్దాలో కొలువు. "మనం పడమరకే పోతున్నం గదా కాకా. పొద్దు ముందట ఉరుకుతుంటె మనం ఎంబడి ఉరుకుతున్నం. హైదరాబాద్ నుంచి జిద్దా నాలుగు వేల కిలోమీటర్లు, ఆరు గంటలు. దిగేదాక గూకదు," అని చెప్పి అటు తిరిగి పడుకున్నాడు.

జానీమియా గడియారం చూశాడు. కేసముద్రం మసీదులో ఈపాటికి సైరన్ మోగి, అందరూ రంజాన్ ఒక్కపొద్దు విడిచి ఉంటారు. ఇక్కడేమో సూర్యుడు కిటికీలో మేకు కొట్టినట్టు నిలబడ్డాడు. తెల్లారకముందే సహర్ తిని ఇల్లు కదిలాక రైలు, బస్సు, ఏర్‌పోర్టులో వరసలు. ఒళ్ళు పచ్చడైపోయింది. విమానం ఊగుతోందో ఏమో, చెయ్యి కుదురుగా నిలవడం లేదు. పైగా ఎక్కడినుంచో మామిడి తొక్కు వాసన! ఆకలైతే ముక్కు కూడా ఆటలాడుతుంది మరి.

అయినా అతని దిగులంతా కిటికీ పక్కన కళ్ళు మూసుకుని వాలిపోయిన రహీమాబీ గురించే. ఆమెకు షుగరు.

"నువ్వు ఒక్కపొద్దు ఇడువవే. ప్రయాణంల ఇడిస్తె తప్పులేదు, ఎనుక బదులు ఉండొచ్చని మసీదుల హాఫిజ్ సాబ్ చెప్పిండు గదా."

"నీకు చెప్పలేదా? ముందుగాల నువ్వు ఇడువు."

"మార్కెట్ యార్డుల బస్తాలు మోసిననాడే ఇడువలే! మీసం రానప్పటి సంది ఒక్కటి పోలే. ఇప్పుడు కూసున్నకాడ ఇడువాల్నా?"

"నువ్వు ముట్టనిది నేనూ ముట్ట."

"మొండిదానివే!"

"నీ పెండ్లాన్ని గదా," అంటూనే ఆమె తల పక్కకు వాల్చేసింది.

జానీమియా గుండె జారింది. మక్కా మక్కా అని ఏళ్ళుగా కలవరించిన మనిషి, చూడకముందే పడిపోతే? 'అల్లా, మాఫ్ చెయ్' అనుకుని, ఆమె మీదుగా వంగి కిటికీ మూత కిందికి లాగేశాడు.

"రహీమా, లే. పొద్దు గూకింది."

"నిజంగనా?"

"నిజంగనే." మక్కా యాత్రకని ఇహ్రాం బట్టలు కట్టుకుని మరీ అబద్ధమాడాడు.

ఆమె సంచిలోంచి ఖర్జూరం తీసి అతని నోటికే అందించింది. జానీమియా కళ్ళు మూసుకుని మింగాడు. ఇన్నేళ్ళు విడవని ఒక్కపొద్దు ఆ ఒక్క ముద్దతో పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీళ్ళ సీసా ఇచ్చింది, తాగాడు. ఇంకో రెండు ఖర్జూరాలు పెట్టింది, తిన్నాడు. చెయ్యి కుదుటపడింది.

"నువ్వు తినవేందే?"

రహీమాబీ కిటికీ మూత పైకెత్తింది. ఎండ ఇద్దరి మొహాల మీదా పడింది.

"నీ చేతులు వణుకుతుంటె సూడలేకపోయిన," అంది. "నాకేడి ఒక్కపొద్దు? నువ్వు నమాజుకు కాళ్ళుచేతులు కడుగ వజూకు పోయినప్పుడే, ఏర్‌పోర్టుల రొట్టె, తొక్కు తిన్న."