విన్నాను

తెర మీద మళ్ళీ అదే మాట.

'విన్నాను.'

ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది.

ఆస్పత్రి యంత్రాలు పంపే హెచ్చరికలను రాసిపెట్టి, చేరవలసిన చోటికి చేర్చే లాగింగ్ క్లాసును ఆమె కొత్తగా రాస్తోంది. క్లాసంటే బడిలోది కాదు, ప్రోగ్రాములో ఒక ముక్క. దాంతో ఆఫీసులో ఆమె పేరు కబుర్లమ్మ అయి కూర్చుంది.

పాత క్లాసు తలుపుల్లేని ఇల్లు. ఎవరైనా తమ ఫోను తగిలించుకుని కబుర్లు వినొచ్చు.

ఎవరో తగిలించుకున్నారు. పేరు లేదు, నంబరు ఒక్కటే.

ఆక్సిజన్ ఒత్తిడి తగ్గిందని హెచ్చరిక వెళ్ళినప్పుడల్లా అక్కణ్ణుంచి ఆ జవాబు.

"ఏం కబుర్లమ్మా, మీ ఆయన మళ్ళీ పలికాడా?" పక్క సీటతను నవ్వాడు.

"నోర్ముయ్. నాకు భయంగా ఉంది."

"పిలిస్తే పలికే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు చెప్పు!"

ఆమెకు నవ్వు రాలేదు. ఆ ఆస్పత్రిలోనే, ఆ ఆక్సిజన్ గొట్టాల్లో ఒకదాని చివర, ఆమె తల్లి ఊపిరి పీల్చుకుంటోంది.

మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"సార్, మన కబుర్లు ఎవడో దొంగచాటుగా వింటున్నాడు."

"తీసి పారెయ్."

"కొత్త క్లాసుకి ఎన్ని చోట్లయినా తగిలించుకోవచ్చు సార్. కానీ పేరు చెప్పుకున్నవాళ్ళకే. మిగతావాళ్ళకి తలుపు మూసేస్తుంది."

"శభాష్!"

"ఇంతకీ హెచ్చరికలు ఎక్కడ చూస్తారు సార్?"

"ఆక్సిజన్ గదిలో తెర ఉందిగా."

తెర ఉందన్నాక ఆమె ఇంకేమీ అడగలేదు.

కొత్త క్లాసు ఎక్కించే రోజు పొద్దున తల్లి ఆమె చెయ్యి వదల్లేదు.

"కాసేపుండవే."

"ఇవాళ ముఖ్యమైన పనుందమ్మా. నీ కోసమే. సాయంత్రం వస్తాగా."

వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించుకుని వచ్చేసింది.

మధ్యాహ్నం కొత్త క్లాసు ఎక్కింది.

'ఒత్తిడి తగ్గింది.'

కబురు ఫైల్లో పడింది. ఆక్సిజన్ గది తెరకు చేరింది. జవాబు లేదు.

"మీ ఆయన అలిగాడు!" అన్నాడు పక్క సీటతను.

"పీడ వదిలింది," అందామె.

'ఒత్తిడి తగ్గింది.'

హెచ్చరికలు రోజూ వచ్చేవే. కాసేపటికి 'సరయింది' అని మరో కబురు వచ్చేది. ఇవాళ అది రాలేదు.

'ఒత్తిడి తగ్గింది.'

ఎందుకోగాని ఆమె కళ్ళు ఆ పాత జవాబు కోసం వెతికాయి.

ఫోను మోగింది. ఆస్పత్రి నుంచి అక్క.

"ఆక్సిజన్ ఆగిపోయిందే... మేం చూసుకునేసరికి... అమ్మ ఇక లేదే!"



వాడే. వాడే ఏదో చేశాడు!

ఆ నంబరు నొక్కింది. ఎవరో పెద్దావిడ ఎత్తింది.

"ఎవరు మీరు? ఆస్పత్రి కబుర్లతో మీకేం పని?"

"మెల్లగా మాట్లాడు తల్లీ, మా ఆయన లేస్తారు. ఆ ఆక్సిజన్ గదిలో చేసేవారు. కబురు యంత్రమే చెబుతుంది, ఇక మనిషెందుకని తీసేశారు."

"మరి ఆ గదిలో ఇప్పుడెవరుంటారు?"

"ఎవరుంటారమ్మా? తెర దాని మానాన అది వెలుగుతుంటుంది. పాత తాళంచెవి ఈయన దగ్గరే ఉండిపోయింది. ఆస్పత్రి వెనక వీధేగా మాది. ఫోను మోగితే చాలు, విన్నానని ఒక మాట కొట్టి, తింటున్న కంచం వదిలేసి పరిగెత్తి సిలిండర్లు మార్చొస్తారు."

ఆమె తెర మీది హెచ్చరికల వైపు తిరిగింది.

"ఇవాళ ఒక్క కబురూ రాలేదు తల్లీ, అక్కడ అందరూ క్షేమంగా ఉన్నట్టేనని ఎన్నాళ్ళకో ఇప్పుడే నిశ్చింతగా నిద్రపోయారు."