మెట్ల మీద సున్నం

మెట్ల మీద తెల్లటి అడుగులు కనిపించాయి.

హన్నా వంగి చూసింది. ఒక వరస మనిషి చెప్పులవి. పక్కనే ఇంకో వరస, చిన్నవి, నాలుగు వేళ్లవి.

సున్నం ఇంకా తడిగా ఉంది.

మట్టెవాడలోని ఆ ఇంట్లో హన్నా ఒక్కతే ఉంటుంది. భర్త జాన్సన్ కరోనా ఏడాది పోయాడు. దవాఖాన నుంచి నేరుగా సమాధుల తోటకే తీసుకుపోయారు. అప్పుడు ఆమె కూడా అదే జ్వరంతో ఇంకో వార్డులో ఉంది. పాస్టరుగారినీ రానివ్వలేదు.

పక్కన ఒక్కరు కూడా లేకుండా జాన్సన్ మట్టిలోకి వెళ్లాడు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనదు.

తరువాత పై గదిని ఫోను యాప్‌లో పెట్టి, రోజుల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. పైన ఎవరో నడుస్తుంటే ఇల్లు ఇల్లులా ఉంటుందని.

గోడకు ఒక కాగితం అంటించింది. చెప్పినంత మందే ఉండాలి. జంతువులను తేకూడదు.

రెండు రోజుల కింద పాలకుర్తి నుంచి సారంగపాణి వచ్చాడు. డెబ్బై దాటినవాడు. చేతిలో బకెట్, భుజాన పెద్ద సంచి.

"ఎంతమంది, పెద్దయ్యా?"

"ఒక్కణ్నే బిడ్డా. మా మనుమరాలు ఫోన్ల అట్లనే రాసింది."

కానీ ఆ రోజు నుంచీ పైన మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"జర జరుగు. నాగ్గూడ జాగ ఇయ్యి."

ఇందాక కూడా అంతే. "పదకొండింట్ల తొమ్మిదయినయి. తిన్నంక పోయి ఆ రెండు చేద్దాం."

హన్నా మెట్లెక్కి తలుపు కొట్టింది.

"పెద్దయ్యా, పైన ఎంతమంది ఉన్నరు?"

"ఒక్కణ్నే."

మంచం కింద తోక నేలకు కొట్టుకున్న చప్పుడైంది.

"మరి అదెవరు?"

మంచం కింది నుంచి చిన్న నల్ల కుక్క బయటికి వచ్చింది. మూతి దగ్గర నెరిసింది. కాళ్లకు సున్నం.

"మనుషులెందరని అడిగింది బిడ్డా ఫోను. కుక్కల సంగతి అడగలే."

"గోడ మీది కాగితం అడిగిందిగా."

సారంగపాణి తల దించుకున్నాడు.

"ముసల్దయింది. యిడిచొస్తే తిండి ముట్టది. అందుకే సంచిల పెట్టుకొచ్చిన."

"రెండు రోజుల సంది ఎవరితోని ముచ్చట పెడుతున్నవు?"

"దీనితోనే. ఇంకెవలున్నరు?"

ఆ మాట హన్నాకు ఎక్కడో తగిలింది. తగిలినందుకే గొంతు ఇంకా గట్టిపడింది.

"అబద్ధమాడినోళ్లను నేను ఉంచుకోను. గది ఖాళీ చెయ్యి."

"ఇయ్యాల ఒక్క పూట పనున్నది బిడ్డా. పొద్దుగూకంగ పోత."

"ఇప్పుడే."

ఆయన సంచి, బకెట్ సర్దుకున్నాడు. తడిగుడ్డ తీసుకుని పై మెట్టు నుంచి ఒక్కొక్కటే తుడుస్తూ, వెనక్కి వెనక్కి దిగాడు. కుక్క గేటు దగ్గర నిలబడి ఎదురుచూసింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. మరక పడది."

ఆ సాయంత్రం పైన చప్పుడు లేదు. హన్నా రెండుసార్లు తలెత్తి చూసింది.

తెల్లవారితే ఈస్టర్.

కొవ్వొత్తులు, చామంతులు పట్టుకుని హన్నా సమాధుల తోటకు వెళ్లింది. గోడ వెంట కరోనా ఏడాది సమాధులు ఒకే వరసలో ఉంటాయి. ఏటా ఈ పండుగకు ఆ వరసంతా తెల్లగా మెరుస్తుంది. చర్చి సంఘం యువకుల పనే అనుకుంటుంది. ఎప్పుడూ అడగలేదు.

ఈసారి చివరి రెండు మాత్రం నల్లగా, పాచి పట్టి ఉన్నాయి.

అందులో ఒకటి జాన్సన్‌ది.

"రత్నం అన్నా," అని తోట కాపలాదారుని పిలిచింది. "మన పిల్లగాండ్లు ఈ రెండిటిని యిడిచిపెట్టిండ్రేంది?"

"పిల్లగాండ్లెక్కడ చెల్లె? పాలకుర్తి నుంచి ఒక ముసలాయన వస్తడు యేటా. తొమ్మిది చేసిండు. నిన్న ఆయనున్న గది పోయిందట. కుక్క ఉన్నదని ఇంకెక్కడ రానియ్యలే. జాగ కోసం తిరిగేసరికే పొద్దుగూకింది. ట్రాలీ ఆటో దొరికితే ఎక్కి పోయిండు."

రత్నం గేటు పక్క నుంచి బకెట్ తెచ్చాడు. అందులో ఇంకా సున్నం ఉంది. మీద కుంచె.

"వచ్చే యేడు కాళ్లు సాగయని ఇది నాకిచ్చిండు."

హన్నా ఆ బకెట్‌ను గుర్తుపట్టింది.

"వీళ్లు ఆయనకు ఏమైతరు?"

"ఏమీ కారు. అప్పట్ల దవాఖాన బండి తోలిండు. దించినోళ్లు మట్టి కప్పి బండెక్కుతుండిరి. ఈయన ఒక్కడే దిగి వస్తుండె. మన ప్రార్థన రాదాయె. చీటీ మీది పేరు గట్టిగ చదివి, చెప్పులిడిసి జరసేపు నిలబడుతుండె. నేను గేటు కాడికెల్లి చూసేటోణ్ని."

హన్నా బకెట్‌లో నీళ్లు పోసింది. సున్నాన్ని కలిపింది. కలుపుతూనే ఉండిపోయింది.

కుంచె చేతికి తీసుకుని అడిగింది.

"అన్నా, మా ఆయన కాడ ఎంతమంది నిలబడ్డరు?"

"ఇద్దరు చెల్లె," అన్నాడు రత్నం. "ఆయన, ఆ కుక్క."