పన్నెండో నియమం

"లాప్‌టాప్ లాక్ చెయ్యకుండా సీట్లోంచి లేచి వెళ్లిన రోజులున్నాయా?" అని అడిగాడు హరనాథ్.

వాసవి వెంటనే జవాబు చెప్పలేదు. ఆ తటపటాయింపు హరనాథ్ దృష్టిని దాటిపోలేదు. ఎదుటివాళ్లు ఎక్కడ తడబడతారో అక్కడే పట్టుకోవడం ఆయనకు వాయుసేనలో ఇరవై ఏళ్లు చేసిన నౌకరీ నేర్పింది.

"ఉండొచ్చు సార్. చాయ్‌కి వెళ్లినప్పుడు ఒకటి రెండుసార్లు. లేకిన్ ఆ లైన్ నేను రాయలేదు."

వైశాలి మెట్రో స్టేషన్‌కి ఎదురుగా, మూడో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. రిటైరైన సైనికులు ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్లు తీసుకునే సాఫ్ట్‌వేర్ అక్కడ తయారవుతుంది. ఏడాదిగా కోడ్ చాలావరకు ఏఐ అసిస్టెంటే రాస్తోంది. అది ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఒక ఫైల్లో నియమాలుగా రాసి పెట్టారు. పనికి దిగే ముందు అది ఆ ఫైలు చదువుకుంటుంది. చదివింది చదివినట్టు చేస్తుంది. మనుషుల్లా ఎందుకని అడగదు.

ఆరు నెలల కిందట చేరిన వాసవికి అప్పగించిన మొదటి పని ఆ నియమాలు రాయడమే. పదకొండు రాసింది. అడగకుండా ఏదీ తొలగించకు. తెలియనిది తెలిసినట్టు రాయకు. ఇలాంటివి.

ఇప్పుడక్కడ పన్నెండున్నాయి. చివరిది: టెస్ట్ ఫెయిలైతే దాన్ని పక్కన పెట్టి పని పూర్తి చెయ్యి.

కోడ్ సరిగ్గా ఉందో లేదో పట్టి చూపించే పరీక్షలవి. అసిస్టెంట్ వాటిని బుద్ధిగా పక్కన పెట్టింది, కోడ్‌లో తప్పు ఎవరి కంటా పడలేదు. పోయిన వారం డయాలసిస్ జాబితాలోంచి నలభై ఒక్క మంది పేర్లు మాయమయ్యాయి. వాళ్లలో లింగయ్య అనే రిటైర్డ్ హవల్దార్ ఒకడు. జాబితాలో పేరు లేదని రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి అంబులెన్సులో తెచ్చారు. ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు.

మేనేజర్ నేహా సోమవారం పొద్దున్నే టీమ్ లీడ్ హరనాథ్‌ను పిలిచి, ఆ నియమం ఎవరు చేర్చారో తేల్చమంది. చేర్చినవాళ్లు శుక్రవారం దాటాక ఈ ఆఫీసులో ఉండకూడదని చెప్పింది. ఏ వాక్యం ఎవరు, ఎప్పుడు రాశారో ఫైలు హిస్టరీలో ఉంటుంది. నేహా కోడ్ మొహం చూసే మనిషి కాదు. టీమ్ లీడ్ మాటే ఆమెకు హిస్టరీ. హరనాథ్ గంటలో తిరిగొచ్చి, వాసవి లాగిన్ నుంచి పడిందని చెప్పాడు. పక్కానా అని అడిగింది. పక్కా అన్నాడు. పది నిమిషాల్లో వాసవి లాగిన్ ఆపించాడు.

అప్పట్నుంచి ఆ అమ్మాయిని కనిపెట్టుకునే ఉన్నాడు. ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు. అదే ఆయనకు మింగుడు పడలేదు. పట్టుబడ్డవాళ్లు ఏడుస్తారు, లేదా అరుస్తారు. ఈ పిల్ల మాత్రం ఒక కాగితం మీద తేదీలు రాసుకుంటోంది. మంగళవారం లిఫ్టు దగ్గర నిరంజన్‌తో మాట్లాడుతూ, ఈయన్ని చూడగానే ఆపేసింది. నిరంజన్‌ది ఆమె పక్క సీటే. విడిగా పిలిస్తే, వాసవి చాయ్‌కి వెళ్లినప్పుడు తను కూడా సీట్లో ఉండనని చెప్పాడతను. అడక్కుండానే చెప్పాడు. అలా చెప్పేవాణ్ణి హరనాథ్ జన్మలో నమ్మలేదు.

ఇవాళ శుక్రవారం. వాసవి ప్రొబేషన్ ఈ రోజుతో ముగుస్తుంది. వచ్చే నెల తండ్రి రిటైరవుతాడు, సర్కారు క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఆమె ఉద్యోగాన్ని నమ్ముకునే జనక్‌పురిలో ఇల్లు మాట్లాడుకున్నారు.

"నిరంజన్‌తో ఏం మాట్లాడావు?"

"మీ గురించే సార్."

హరనాథ్ చేతిలో పెన్ను ఆగింది. "నా గురించి ఏముంది?"

"మీరు మన తెలుగువాళ్లు కదా, నా మాట వింటారని చెప్పాను."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు. తర్వాత, ఆఫీసు స్క్రీన్లను ఫోటోలేమైనా తీశావా అని అడిగాడు. ఆమె ఫోన్ తెరిచి ముందుకు జరిపింది. హరనాథ్ మొహమాటపడలేదు. ఎవరిదో పెళ్లి, మోమోల ప్లేటు, ఇండియా గేట్ దగ్గర అమ్మానాన్నా, అన్నీ వరసగా చూశాడు. ఏమీ లేదు.

"హిస్టరీ ఒక్కసారి చూడనివ్వండి సార్. ఏ రోజు, ఏ టైమ్‌కి రాశారో తెలిస్తే అప్పుడు నేనెక్కడున్నానో చెప్పగలను. డేట్స్ అన్నీ రాసుకొచ్చాను."

"నీ లాగిన్ ఆపేశాం కదమ్మా."

"మీ స్క్రీన్ మీద చూస్తాను."

"ఎంక్వైరీలో ఉన్నది బయటపెట్టకూడదు."

వాసవి కాగితం మడిచింది. తన సీట్లో ఎవరో కూర్చుని రాసి ఉంటారని, లాక్ చెయ్యకపోవడం మాత్రం తన తప్పేనని మెల్లగా అంది.

"ఆ మాట రాసిస్తావా? అప్పుడు అజాగ్రత్త కిందికే వస్తుంది. కావాలని చేసినట్టు కాదు. రేపు ఇంకో కంపెనీకి వెళ్లినా నీకు అడ్డం రాదు."

"ఇక్కడ ఉండనివ్వరా?"

"ఆ నిర్ణయం మేడమ్‌ది."

ఆమె మూడు లైన్లు రాసి సంతకం పెట్టింది. మెడలోని ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. తలుపు దాకా వెళ్లి ఆగింది.

"లింగయ్య అంకుల్ ఎలా ఉన్నారో తెలిసిందా సార్?"

తెలీదన్నాడు.

"నిన్న నేను వెళ్లాను. ఆంటీ బయట బెంచీ మీద ఉన్నారు. సారీ చెప్పి వచ్చాను."

ఆయన ఐడీ కార్డు తీసి సొరుగులో వేశాడు. ఆమె వెళ్లిపోయింది.

హరనాథ్ ఆ కాగితాన్ని ఫోటో తీసి నేహాకు పంపాడు. ఠీక్ హై అని జవాబు వచ్చింది. లేచి తలుపు గడియ పెట్టాడు. సీట్లోకి వచ్చి ఫైలు హిస్టరీ తెరిచాడు.

పన్నెండో నియమం పక్కనున్న తన పేరు చెరిపేశాడు.