ఆ బెంచీ పూచీ నాది

"నన్ను ఇంకో నంబరుకి మార్చారంటే మాత్రం ఊరుకోను!"

అవతలి మనిషి హలో అనేలోపే ఆవిడ విరుచుకుపడింది.

పొద్దుట్నుంచీ ఆ వినోదాల పార్కుకి ఫోన్ చేస్తూనే ఉంది. ఒకటి నొక్కమంటారు, రెండు నొక్కమంటారు, పాట వినిపిస్తారు, కట్ చేస్తారు. విసిగిపోయి, కరపత్రం వెనకనుంచి నోటుబుక్కులోకి ఎక్కించుకున్న రెండో నంబరు కొడితే ఇదిగో, ఓ మనిషి గొంతు దొరికింది. దొరికిన మనిషిని వదిలే రకం కాదు ఆవిడ.

"అమ్మా, ఇది..." అన్నాడు అవతలి పెద్దాయన.

"మీరేం చెప్పొద్దు, ముందు వినండి. మావాడికి ఎనిమిదేళ్ళు. పెద్ద చప్పుడైతే చెవులు మూసుకుని కూలబడిపోతాడు. కొత్త గొంతు వింటే వణికిపోతాడు. పోయినేడాది ఇలాగే ఓ పార్కుకి తీసుకెళ్ళి గేటు దగ్గర్నుంచే వెనక్కొచ్చాం. దారంతా ‘సారీ అమ్మా’ అంటూనే ఉన్నాడు. వాడు నాకు సారీ చెప్పడమేంటండీ?"





"ఏం కావాలో చెప్పమ్మా," అన్నాడు పెద్దాయన.

కావలసినవి నోటుబుక్కు నిండా ఉన్నాయి. బ్యాండు ఎన్నింటికి, ఎక్కడ వాయిస్తారు? గుర్రాల చక్రం దగ్గర పాట ఎంత గట్టిగా ఉంటుంది? పార్కు వెనక అడవిలో వాగు ఉందట, అక్కడికి ఎన్ని మెట్లు? లెక్క ముందే తెలిస్తే చిన్నోడు ధైర్యంగా దిగుతాడు.

"కనుక్కుని రేపు చెప్తానమ్మా."

"అక్కడే పనిచేస్తూ మెట్లెన్నో తెలీదా?"

"తప్పేనమ్మా. రేపటికల్లా చెప్తాను."

అలా వారం నడిచింది. రోజూ సాయంత్రం ఆవిడ అడగడం, ఆయన కనుక్కుంటాననడం, మర్నాడు పూసగుచ్చినట్టు చెప్పడం.

"నాతో కూడా ఇంతసేపు మాట్లాడవు కదే," అనేవాడు భర్త.

"మీరు మెట్లు లెక్కపెట్టి చెప్తారా ఏంటి?"

పెద్దాయన లెక్కపెట్టే చెప్పాడు. "డెబ్భై రెండమ్మా. నలభయ్యో మెట్టు కాస్త కదులుతుంది, బాబు చెయ్యి పట్టుకో. బ్యాండు పదకొండింటికి పెద్ద గేటు దగ్గర. మీరు చిన్న గేటులోంచి రండి. గుర్రాల చక్రం అబ్బాయిని బతిమాలాను. పన్నెండింటికి ఒక్క చుట్టు పాట లేకుండా తిప్పుతానన్నాడు."

"వాగొడ్డున ఒకటే బెంచీ అన్నారుగా, ఖాళీగా ఉంటుందా? మావాడు కొత్తవాళ్ళ పక్కన కూర్చోడు."

"ఉంటుందమ్మా. ఆ బెంచీ పూచీ నాది."

అనుకున్న రోజు రానే వచ్చింది. చిన్న గేటు దగ్గర చప్పుడు లేదు. గుర్రాల చక్రం పాట లేకుండా తిరిగింది. చిన్నోడు తెల్ల గుర్రం మెడ కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు, చెవులు మాత్రం మూసుకోలేదు. అడవిలో మెట్లు పైకే లెక్కపెడుతూ దిగాడు. నలభయ్యోది కదిలితే కిలకిలా నవ్వి, వెనక్కెళ్ళి మళ్ళీ తొక్కాడు.

డెబ్భై రెండు.

బెంచీ మాత్రం ఖాళీగా లేదు.

పచ్చ గొడుగు వేసుకుని ఓ ముసలాయన దానిమీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. వీళ్ళని చూడగానే గబుక్కున లేచాడు. ఏదో అనబోయి, చిన్నోడివైపు చూసి నోరు మూసుకున్నాడు.

"కాస్త అటు వెళ్తారా? మావాడికి కొత్తవాళ్ళు పడరు," అంది ఆవిడ కటువుగానే.

ముసలాయన తలూపి, గొడుగు ముడిచి, మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

"మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు," అంది ఆవిడ భర్తతో. "ఆ ఫోనాయన ఒకడు. పూచీ అట పూచీ!"

కానీ ఆ కోపం ఎంతసేపని? చిన్నోడు రెండు గంటలు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. లేచేటప్పుడు అడిగాడు.

"అమ్మా, మళ్ళీ వద్దామా?"

ఆ ఒక్క మాట కోసం ఆవిడ ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఆనందం పట్టలేక అక్కడే ఏడ్చేసింది.

"ఆ ఫోనాయనకి దండం పెట్టుకుంటే గానీ నేను కదలను," అని తిన్నగా పార్కు ఆఫీసుకి వెళ్ళింది.

అక్కడ కూర్చున్నామె నోటుబుక్కులో నంబరు చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది మాది కాదండీ. మా నంబరు చివర ఒకటి. మీరు కొట్టింది ఏడు."

భర్త తొంగిచూశాడు. "నీ ఒకటీ ఏడూ కవలపిల్లలని పెళ్ళైన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నాను."

"మరి ఆ మెట్ల లెక్క ఎవరు చెప్పారు? గుర్రాల చక్రం పాట ఎవరు ఆపించారు?"

"ఓ, ఆయనా!" అందామె నవ్వుతూ. "వారం నుంచి రోజూ టికెట్ కొనుక్కుని వస్తున్నాడండీ. ఏదీ ఎక్కడు. ప్రతిచోటా నిలబడి చెవులు మూసి చూస్తాడు, తెరిచి చూస్తాడు. ఎవరికోసమంటే ‘మా పిల్లాడొకడు వస్తున్నాడు’ అన్నాడు. ఇవాళ గేటు తియ్యగానే, వాగు దగ్గర చోటు పట్టాలని పరిగెత్తాడు."

"ఇప్పుడెక్కడున్నారు? ఎలా ఉంటారు?"

"చేతిలో పచ్చ గొడుగుంటుంది. మధ్యాహ్నమే వెళ్ళిపోయాడండీ, ‘మా పిల్లాడు డెబ్భై రెండు మెట్లూ దిగాడు’ అని గేటు దగ్గర అందరికీ చెప్పి మరీ వెళ్ళాడు."